గిరీశానికి ఉద్యోగం ఇచ్చింది నేనే

సాహిత్య పత్రికలో ప్రోడక్ట్ మేనేజర్ల గోల ఏంటని మీరు అడగొచ్చు. ఇది చదివేవాళ్లలో చాలామంది పగటిపూట మాదాపూర్‌లోనో, గచ్చిబౌలిలోనో, బెంగుళూరు కోరమంగళలోనో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చుని ఉంటారు. నేనూ అంతే. పగలు మీటింగులు, రాత్రి కథలు. రెంటికీ సంబంధం లేదనుకుంటూ చాలా ఏళ్లు గడిపాను. ఉందని ఒక ఇంటర్వ్యూ వల్ల తెలిసింది. ఆ ఇంటర్వ్యూలో ప్రశ్నలడిగే వైపు కూర్చున్నది నేను.

అప్పుడు హైదరాబాద్‌లో ఒక చిన్న స్టార్టప్‌లో పనిచేస్తున్నాను. పేరు అనవసరం. కిరాణా కొట్లవాళ్లు హోల్‌సేల్ సరుకు ఫోన్లో ఆర్డరు పెట్టుకునే యాప్ మాది. వరంగల్, ఖమ్మం, నల్గొండ వైపు కొట్లు ఎక్కువ. ప్రోడక్ట్ మేనేజర్ కావాలని ప్రకటన ఇచ్చాం. వడపోత అంతా అయ్యాక చివరి రౌండుకి ఇద్దరు మిగిలారు. ఒకతను పేరున్న కాలేజీలో ఎంబీఏ చేసి, రెండేళ్లు కన్సల్టింగ్ కంపెనీలో పనిచేసి వచ్చాడు. రెండో మనిషి మా కంపెనీ మనిషే. కస్టమర్ సపోర్ట్‌లో మూడేళ్లుగా తెలుగు కాల్స్ చూస్తున్న అమ్మాయి. మహబూబాబాద్ దగ్గర ఊరు, తెలుగు మీడియం, హన్మకొండలో డిగ్రీ.

ఇద్దరినీ ఒకటే ప్రశ్న అడిగాను. హైదరాబాద్‌లో రోజుకి ఎన్ని కప్పుల టీ అమ్ముడుపోతుంది? అతను లేచి బోర్డు దగ్గరకెళ్లాడు. జనాభా కోటి అనుకుందాం అన్నాడు. చిన్నపిల్లల్ని తీసేద్దాం అన్నాడు. ఇంట్లో తాగేవాళ్లు, ఆఫీసులో తాగేవాళ్లు, ఇరానీ హోటల్లో తాగేవాళ్లు అని మూడు గళ్లు గీశాడు. పన్నెండు నిమిషాల్లో ఒక అంకె వచ్చింది. దాని చుట్టూ గుండ్రంగా గీత గీసి మా వైపు తిరిగాడు. ఆ అంకె నిజమో కాదో ఆ గదిలో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు కూడా.

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "ఎందుకు సార్? మనం చాయ్ అమ్ముతమా?" అంది.

ప్యానెల్లో ముగ్గురం నవ్వాం. వెటకారంగా కాదు, ముద్దుగా నవ్వాం. అది ఇంకా ఘోరం. తర్వాత ఫారంలో నేను రాసింది ఇది: ఆలోచనలో నిర్మాణం లేదు, కమ్యూనికేషన్ మన స్థాయికి తక్కువ. అతనికి ఆఫర్ వెళ్లింది. ఆమె మర్నాడు పొద్దున తొమ్మిదింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ తన సీట్లో కూర్చుంది.

ఆ రాత్రి నేను ఒక వెబ్ పత్రికలో తెలంగాణ యాసలో వచ్చిన కథ చదివాను. కింద "భాషలో ఎంత జీవం ఉందో" అని కామెంటు పెట్టాను. ఒకే రోజు, ఒకే చేత్తో రాసిన ఈ రెండు రాతల గురించే ఈ వ్యాసం.

*

ముందు ఆమెకి ఏం తెలుసో చెప్పాలి.

మా డాష్‌బోర్డులో ఒక గ్రాఫ్ ఉండేది. రోజులో ఏ గంటకి ఎన్ని ఆర్డర్లు వస్తున్నాయో చూపించేది. రాత్రి ఎనిమిది నుంచి పదింటి మధ్య గీత కొండలా లేచేది. దీని మీద మేం రెండు మీటింగులు పెట్టుకున్నాం. కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని ఆర్డరు పెట్టుకుంటున్నారని తేల్చాం. కాబట్టి ఆఫర్ల నోటిఫికేషన్లు రాత్రి తొమ్మిదింటికి పంపాలని నిర్ణయించాం. స్లయిడ్‌లో "సాయంత్రపు విశ్రాంతి వినియోగదారుడు" అని పేరు కూడా పెట్టాం.

ఉద్యోగం రాకపోయిన నెల తర్వాత లిఫ్టు దగ్గర ఆమె మామూలుగా ఏదో మాట్లాడుతూ అంది: "రాత్రి ఆఫర్లు ఎందుకు సార్? ఫోను కొడుకు పట్టుకపోతడు కాలేజికి. వాడు ఇంటికొచ్చినంకనే ఆర్డరు."

అంతే. కొట్టులో అందరికీ కలిపి ఒక్కటే మంచి ఫోను. అది కాలేజీకెళ్లే పిల్లాడి దగ్గర ఉంటుంది. ఓటీపీ వాడికి వస్తుంది. తండ్రికి సరుకు అయిపోయేది పొద్దున పదకొండింటికి. అప్పుడు ఆయన పక్క వీధి హోల్‌సేల్ కొట్టుకి పాత బటన్ ఫోన్ నుంచి కాల్ చేసి తెప్పించుకుంటాడు. మాకు దక్కేది మిగిలినది. మేం విశ్రాంతి అనుకున్నది నిజానికి మా నష్టం. గ్రాఫ్ అబద్ధం చెప్పలేదు. దాన్ని చదవగలిగిన మనిషిని మేం నెల కిందటే వెనక్కి పంపేశాం.

ఇంకోటి. మా యాప్ తెలుగులో కూడా ఉందని పెట్టుబడిదారులకి గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఆర్డరు చివర బటన్ మీద "సమర్పించు" అని ఉండేది. ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఎవరికి సమర్పించాలె బిడ్డా?" అని అడిగాడట. గుళ్లో కొబ్బరికాయ సమర్పిస్తాం గానీ, రెండు పెట్టెల సబ్బులు ఎవరైనా సమర్పిస్తారా? బిల్లు పీడీఎఫ్‌లో ఒత్తులు ఊడిపోయి పక్కకి పడేవి. "రక్షణ" అని ఉండాల్సిన చోట "క", "ష" విడివిడిగా, మధ్యలో పొల్లుతో వచ్చేది. ఆమె మూడుసార్లు టికెట్ పెట్టింది. మూడుసార్లూ "తక్కువ ప్రాధాన్యం" అని ముద్ర పడింది. వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని కుప్పకూల్చింది గుర్తుందా? మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే యాప్ ఆగిపోయేది. కొన్ని రోజుల్లోనే యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేయాల్సొచ్చింది. మనం ఎంత సంబరపడ్డామో! జ్ఞానం తట్టుకోలేని ఫోన్ అని ఎన్ని జోకులు వేసుకున్నామో! అమెరికా కంపెనీ తెలుగుని పట్టించుకోలేదని వేళాకోళం చేసిన మనం, హైదరాబాద్‌లో కూర్చుని, తెలుగువాళ్లకే అమ్ముకుంటూ, ఒత్తులు ఊడిపోయిన బిల్లుని తక్కువ ప్రాధాన్యం అన్నాం.

*

ఈ ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగం ఎక్కడ పుట్టిందో చూస్తే సిగ్గు ఇంకా ఎక్కువవుతుంది.

1931లో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెకెల్‌రాయ్ అనే కుర్రాడు కామే సబ్బు ప్రచారం చూస్తుండేవాడు. వాళ్ల కంపెనీదే అయిన ఐవరీ సబ్బు నీడలో కామే నలిగిపోతోందని అతని బాధ. ఒక్కో సరుకుకి ఒక్కో మనిషి పూర్తి బాధ్యత తీసుకోవాలంటూ మూడు పేజీల మెమో రాశాడు. వాళ్లని "బ్రాండ్ మెన్" అన్నాడు. ఆ మెమోలో ఆ మనిషి చేయాల్సిన పని ఏంటంటే, సరుకు ఎక్కడ బాగా పోతోందో ఎక్కడ పోవట్లేదో లెక్కలు చూడటం, పోని చోటికి తనే వెళ్లి కొట్లవాళ్లతోనూ కొనేవాళ్లతోనూ మాట్లాడి కారణం తెలుసుకోవడం. ఆ మెకెల్‌రాయ్ తర్వాత ఆ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు, ఐసెన్‌హోవర్ హయాంలో 1957 నుంచి 1959 దాకా అమెరికా రక్షణ మంత్రిగా చేశాడు. అంటే ఈ ఉద్యోగానికి మూలం చెప్పులరిగేలా కొట్లు తిరగడం. మా ఇంటర్వ్యూలో కొట్టుకి సంబంధించిన ప్రశ్న ఒక్కటి కూడా లేదు.

సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక ఈ ఉద్యోగానికి కొత్త కిరీటం పెట్టారు. ప్రోడక్ట్ మేనేజర్ అంటే ఆ ప్రోడక్ట్‌కి సీఈఓ అన్నారు. ఈ మాట బాగా వ్యాపించింది బెన్ హోరోవిట్జ్ నెట్‌స్కేప్‌లో ఉన్నప్పుడు, 1990లలో రాసిన ఒక పత్రం నుంచి. మన స్టార్టప్ ఫౌండర్లందరూ ఆ వాక్యం వల్లిస్తారు. వల్లించనిది ఏంటంటే, ఆ పత్రం ఎవరినో వడపోయడానికి రాసింది కాదు. తన కింద ఉన్న ప్రోడక్ట్ మేనేజర్లకి పని తెలియట్లేదని గ్రహించి, వాళ్లకి నేర్పడానికి రాసుకున్నది. పనికిరారనుకున్నవాళ్లు కూడా దాని తర్వాత పుంజుకున్నారని ఆయనే తర్వాత రాశాడు. మనం ఏం చేశాం? నేర్పడానికి రాసిన కాగితాన్ని తలుపు దగ్గర ఆపడానికి వాడుకున్నాం.

2002లో గూగుల్‌లో మరిస్సా మేయర్ అసోసియేట్ ప్రోడక్ట్ మేనేజర్ కార్యక్రమం మొదలుపెట్టింది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాళ్లని తీసుకుని తిప్పి తిప్పి పని నేర్పించడం దాని ఉద్దేశం. అక్కడ కూడా అసలు మాట నేర్పించడమే. ముప్ఫై మంది ఉన్న మన స్టార్టప్‌కి నేర్పించే ఓపిక లేదు, తీరిక లేదు. అందుకని వాళ్ల దగ్గర్నుంచి ప్రశ్నలు మాత్రం తెచ్చుకున్నాం.

ఆ ప్రశ్నల సంగతి కూడా వాళ్లే తేల్చేశారు. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, మన్‌హటన్‌లో ఎన్ని పెట్రోల్ బంకులు ఉన్నాయి లాంటి ప్రశ్నలు శుద్ధ దండగ అనీ, అవి అడిగేవాడికి తను తెలివైనవాణ్ణన్న భ్రమ కలిగించడానికే పనికొస్తాయనీ గూగుల్ హెచ్ఆర్ అధిపతి లాస్లో బాక్ 2013లోనే న్యూయార్క్ టైమ్స్‌కి చెప్పాడు. పెట్రోల్ బంకుల చోట టీ కప్పులు పెట్టుకుని నేను ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాను. ఎందుకంటే ఆ భ్రమ చాలా బాగుంటుంది.

*

అదే 2013లో ప్రోడక్ట్ మేనేజర్ ఇంటర్వ్యూలు ఎలా గట్టెక్కాలో చెప్పే పుస్తకాలు కూడా వచ్చాయి. ఇప్పుడు కోర్సులున్నాయి, బూట్‌క్యాంపులున్నాయి, గంటకింత అని తీసుకుని ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసేవాళ్లున్నారు. అమీర్‌పేట చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అంధుల కోసం అలారం గడియారం డిజైన్ చెయ్యి అనగానే, కుర్రాడు ముందు "వినియోగదారుడు ఎవరు?" అంటాడు, తర్వాత అవసరాలు మూడు, తర్వాత పరిష్కారాలు మూడు, తర్వాత వాటికి మార్కులు. ఎంసెట్‌కి ఫిజిక్స్ ఫార్ములాలు బట్టీ పట్టినట్టే. ఆ కుర్రాడు జీవితంలో ఒక్క అంధుడితో అయినా పది నిమిషాలు మాట్లాడాడా అని మేం ఎన్నడూ అడగలేదు. అడిగితే మా పరువు కూడా పోయేది.

మన అవధానంలో నిషిద్ధాక్షరి ఎందుకుందో నాకు ఈ ఇంటర్వ్యూలు చేశాకే అర్థమైంది. అవధాని ఒక అక్షరం అనగానే పృచ్ఛకుడు తర్వాతది ఇది రాకూడదంటాడు. కంఠస్థం చేసి తెచ్చిన పద్యం అక్కడ చెల్లదు. ఎదుటి మనిషి మాట విని, అప్పటికప్పుడు ఆలోచించాల్సిందే. మన పూర్వులకి ఉన్నపాటి అనుమానం కూడా మా ప్యానెల్‌కి లేకపోయింది. మేం కంఠస్థం చేసిన పద్యం విని, ఆశువుగా చెప్పాడని చప్పట్లు కొట్టాం.

అందుకే గిరీశం గుర్తొచ్చాడు. 1892లో మొదటిసారి వేదికెక్కిన "కన్యాశుల్కం"లో, వెంకటేశం తల్లికి కొడుకు ఇంగ్లీషు మాట్లాడుతుంటే వినాలని ముచ్చట. గురుశిష్యులిద్దరూ నోటికొచ్చిన ఇంగ్లీషు ముక్కలు ఒకళ్ల మీదికి ఒకళ్లు విసురుకుంటారు. ఆ తల్లి మురిసిపోతుంది. మనం నూరేళ్లకి పైగా ఆ సీను చూసి నవ్వుతున్నాం. నేను ఆ ప్యానెల్లో కూర్చున్నది ఆ తల్లి స్థానంలో. ఆవిడకన్నా నేను అన్యాయం. ఆవిడకి ఇంగ్లీషు రాదు కాబట్టి మురిసిపోయింది. నాకు వచ్చి కూడా మురిసిపోయాను.

అతన్ని గిరీశం అనడం అన్యాయమే, ఒప్పుకుంటున్నాను. మంచి కుర్రాడు. మోసగాడేం కాదు. మేం పెట్టిన పరీక్ష నేర్చుకుని వచ్చి రాశాడు, అంతే. చేరాక ఖమ్మం వెళ్దామంటే మొదట తటపటాయించినా వచ్చాడు. కొట్లవాళ్లతో మాట్లాడలేక ఇబ్బంది పడ్డాడు, ఎందుకంటే అతనికి తెలుగు రాదు. తెలుగు వచ్చా అని మేం అడగలేదు, ఎందుకంటే అది మా ఫారంలో లేదు. పద్నాలుగు నెలలకి ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. గిరీశాలు వాళ్లంతట వాళ్లు పుట్టరు. ఇంగ్లీషు వినాలని ముచ్చటపడే ఇల్లు ఉంటేనే పుడతారు.

*

ఇప్పుడు సాహిత్యం దగ్గరకి వస్తాను.

ఈ ఉద్యోగంలో "పర్సొనా" అని ఒకటి రాస్తారు. వినియోగదారుడి బొమ్మ, పేరు, వయసు, నాలుగు వాక్యాల జీవితం. మా దగ్గర ఆయన పేరు ఎప్పుడూ రమేషే. వయసు 38. చిన్న పట్నం. ఇద్దరు పిల్లలు. టెక్నాలజీ అంటే కొంచెం భయం, కానీ వ్యాపారం పెంచుకోవాలని ఆశ. ఈ రమేష్ మీ కథల పోటీకి వస్తే మొదటి పేరాలోనే పక్కన పడేస్తారు. ఆయనకి ఊరు లేదు, అప్పు లేదు, ఫోను పట్టుకుపోయే కొడుకు లేడు, "ఎవరికి సమర్పించాలె" అని అడిగే నోరు లేదు. కోరమంగళ నుంచి చూస్తే కనపడే రమేష్ ఆయన. ఇలాంటి పాత్ర కథలో వస్తే రచయిత జీవితం చూడలేదు అంటాం. స్లయిడ్‌లో వస్తే యూజర్ ఎంపతీ అంటాం.

ఆ పాత్రని అసలు మనుషులుగా రోజూ వినేవాళ్లు ఆఫీసులో కింది అంతస్తులో ఉన్నారు. రోజుకి యాభై, అరవై కాల్స్. తిట్లు, ఏడుపులు, పెళ్లి పిలుపులు కూడా. నేను ఇన్నేళ్లలో చూసిన ఏ పరిశోధన నివేదికా వాళ్ల కాల్స్‌కి సాటి రాదు. కానీ వాళ్లకి "కమ్యూనికేషన్" లేదు.

ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 8.11 కోట్లు. మా యాప్ వాళ్లలో కొందరి కోసం. ఆ 8.11 కోట్లలో ఎవరితోనైనా అయిదు నిమిషాల్లో మాట కలిపి, కోపంలో ఉన్నవాణ్ణి చల్లబరిచి, అసలు సమస్య రాబట్టగల మనిషికి కమ్యూనికేషన్ తక్కువ. ముగ్గురు ఎంబీఏల ముందు బోర్డు మీద గళ్లు గీయగలవాడికి ఎక్కువ. ఇక్కడ కమ్యూనికేషన్ అంటే భావం అందించడం కాదు. అడిగేవాళ్ల ఇళ్లల్లో మాట్లాడినట్టు మాట్లాడటం. కులం అడగలేని చోట, ఊరు అడగలేని చోట, స్కూలు మీడియం అడగలేని చోట ఈ ఒక్క గడి అన్నీ అడుగుతుంది. ఫారంలో దానికి పదికి మార్కులు కూడా ఉంటాయి.

మనం, ఈ పత్రికలు చదివేవాళ్లం, యాస కోసం పోట్లాడాం. శ్రీకాకుళం మాట, సీమ మాట, తెలంగాణ మాట కథల్లోకి రావాలన్నాం. వచ్చాయి. మురిసిపోతున్నాం. ఆ మాట మనిషిగా మారి రెజ్యూమే పట్టుకుని గదిలోకి వస్తే ఏం చేస్తున్నామో ఒక్కసారి చూసుకోవాలి. యాస కథలో ఉంటే జీవం, ఇంటర్వ్యూలో ఉంటే లోపమా?

*

నా మిత్రుల జవాబులు నాకు తెలుసు. కొన్నిటిలో న్యాయం ఉంది కూడా.

ప్రోడక్ట్ మేనేజర్ ఇంజినీర్లతో, డిజైనర్లతో, పెట్టుబడిదారులతో మాట్లాడాలి, ఇంగ్లీషు రాకపోతే ఎలా అంటారు. నిజమే, కొంత ఇంగ్లీషు కావాలి. ఆమెకి ఆ కొంత ఉంది. ఆగి ఆగి మాట్లాడుతుంది, కానీ తను రాసిన టికెట్లు చదివి ఏ ఇంజినీరూ అర్థం కాలేదని అనలేదు. మా ఇంజినీర్లలో సగం మంది గుంటూరు, కడప, కరీంనగర్ వాళ్లు. మధ్యాహ్నం భోజనాల దగ్గర అందరూ తెలుగే. మీటింగ్ గదిలోకి వెళ్లాక అందరం కలిసి ఇంగ్లీషు నటించేవాళ్లం.

సపోర్ట్ వాళ్లకి ఫిర్యాదులే కనపడతాయి, ఫోన్ చేయకుండా వెళ్లిపోయినవాడు కనపడడు అంటారు. ఇది గట్టి మాట. సపోర్ట్‌లో పనిచేసిన ప్రతివాళ్లూ మంచి ప్రోడక్ట్ మేనేజర్లు అవుతారని నేను అనను. గట్టిగా అరిచిన కస్టమర్‌కే పని జరగాలనుకునేవాళ్లు వాళ్లలోనూ ఉంటారు. లెక్కలు చూడటం, వద్దు అని చెప్పడం, నాలుగు పనుల్లో ఒకటే ఎంచుకోవడం నేర్చుకోవాలి. డేటాబేస్ నుంచి తనే అంకెలు తీసుకునేంత ఎస్‌క్యూఎల్ కొన్ని వారాల్లో వస్తుంది. కానీ మహబూబాబాద్ కొట్టులో ఫోను ఎవరి జేబులో ఉంటుందో ఏ కోర్సూ చెప్పదు. రెండిట్లో ఒకటి నేర్పగలం, రెండోది ఆ మనిషే తెచ్చుకోవాలి. మనం తెచ్చుకున్నదాన్ని వదిలేసి, నేర్పగలిగినదాన్ని పరీక్షిస్తున్నాం.

టీ కప్పుల ప్రశ్న అంకె కోసం కాదు, ఆలోచించే తీరు కోసం అంటారు. అయితే ఆమె ఆలోచించే తీరు చూపించింది కదా! ఒక పని చెప్పగానే, ఇది ఎందుకు, మన వ్యాపారానికి దీనికీ సంబంధం ఏంటి అని అడిగింది. ప్రోడక్ట్ మేనేజర్ చేయాల్సిన మొట్టమొదటి పని అదే. అవసరం లేని పని చేయకుండా ఆపడానికే మేం జీతం ఇస్తామన్నాం. ఆమె ఇంటర్వ్యూలోనే ఆ పని మొదలుపెట్టింది, మేం నిర్మాణం లేదన్నాం.

ఇంతకీ మాకు ప్రోడక్ట్ మేనేజర్ కావాలా అన్న ప్రశ్న కూడా ఎవరం అడగలేదు. 2023లో ఎయిర్‌బీఎన్‌బీ అధినేత బ్రయాన్ చెస్కీ, తమ కంపెనీలో ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్‌ని పాత రూపంలో తీసేశామని డిజైనర్ల సభలో చెప్తే వాళ్లు చప్పట్లు కొట్టారు. నిజానికి ఆయన ఆ ఉద్యోగాన్ని మార్కెటింగ్‌తో కలిపాడు. చేసేదీ, అమ్మేదీ ఒకే మనిషికి తెలిసి ఉండాలన్నది ఆయన వాదన. చిన్న స్టార్టప్‌లో ఈ ఉద్యోగం పుట్టే తీరు వేరు. ఫౌండర్‌కి కస్టమర్ ఫోన్లు విసుగొస్తాయి. తన బదులు వినే మనిషిని పెట్టుకుంటాడు. ఆ మనిషి కూడా వినడు, సర్వే పంపిస్తాడు. వినే పని చివరికి నెలకి ఇరవై వేల జీతం ఉన్న అమ్మాయి దగ్గరే ఉంటుంది. నిర్ణయించే పని మాత్రం పైకి ఎక్కుతూ పోతుంది.

ఇంకొక దరిద్రం, ఇంటికిచ్చే అసైన్‌మెంట్. శుక్రవారం సాయంత్రం పంపి సోమవారానికి స్లయిడ్లు అడుగుతాం. అదీ మా సొంత సమస్య మీదే. మేం ఉద్యోగం ఇవ్వని ఒకతను పంపిన స్లయిడ్లలోంచి ఒక ఆలోచన మా యాప్‌లోకి వెళ్లింది. అతనికి ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఒక్క మాట చెప్పలేదు. దీన్ని వేరే ఏ వ్యాపారంలో చేసినా దొంగతనం అంటారు.

*

మరి ఏం చేయాలి? కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. మనుషుల్ని ఉద్యోగాల్లోకి ఎలా ఎంచుకోవాలన్నదాని మీద 85 ఏళ్ల పరిశోధనని ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో ఒకచోట కలిపి చూశారు. అసలు పనిలో ఒక ముక్క చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేయడం బాగా పనిచేస్తాయన్నారు. ఊరికే కబుర్లలా సాగే ఇంటర్వ్యూ వీటి కన్నా వెనకబడింది. ఎన్నేళ్లు చదివారన్నది చాలా కిందన ఉంది. 2022లో పాల్ సాకెట్ బృందం ఆ అంకెల్లో చాలావాటిని తగ్గించి సరిదిద్దింది. అప్పుడు కూడా ఒకే ప్రశ్నలు, ఒకే కొలత ఉన్న ఇంటర్వ్యూ పైనే నిలిచింది.

కాబట్టి నేను ఇప్పుడు చేస్తున్నది ఇది. వచ్చినవాళ్లకి ఒక రోజు జీతం ఇచ్చి, పొద్దున పది కస్టమర్ కాల్స్ వినిపిస్తాను. మధ్యాహ్నం ఒక్క పేజీ రాయమంటాను: వీటిలో ఏది ముందు బాగుచేయాలి, ఏది చేయకూడదు, ఎందుకు. తెలుగులో రాసినా సరే, ఇంగ్లీషులో రాసినా సరే. ఆ పేజీ మీద పేరూ కాలేజీ లేకుండా ముగ్గురం విడివిడిగా మార్కులు వేసుకుని, తర్వాతే మాట్లాడుకుంటాం. కమ్యూనికేషన్ గడి కొట్టేశాను. దాని బదులు "ఈ మనిషి చెప్పినదాంట్లో నాకు అర్థం కానిది ఏంటి?" అని రాయాలి. నిజాయితీగా రాస్తే చాలాసార్లు ఆ గడి ఖాళీగా మిగులుతోంది. ప్రకటన బయటికి వెళ్లేముందు కింది అంతస్తులో చదివి వినిపించాలన్న నియమం కూడా పెట్టాం.

దీనితో అన్నీ చక్కబడలేదు. మొన్న ఒక ఫౌండర్ మిత్రుడు ఇది విని, "బాగానే ఉంది గానీ, బోర్డు మీటింగ్‌లో ఆ అమ్మాయిని కూర్చోబెడితే వాళ్లేమనుకుంటారు?" అన్నాడు. తన భయం అసలు ఇంగ్లీషు గురించి కాదని అతనికీ తెలుసు.

పోయిన నెల ఆమెకి ఫోన్ చేశాను. నంబరు మారలేదు. ఇప్పుడు ఒక ఆస్పత్రిలో ఇన్సూరెన్స్ కాల్స్ చూసే టీమ్‌కి లీడ్. ఆ ఇంటర్వ్యూ సంగతి ఎత్తి, తప్పు నాదే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు మూడు దినాలు మా అమ్మకు చెప్పలే సార్. వచ్చిందనే అనుకుంది ఆమె" అంది. నేను జవాబు వెతుక్కుంటుంటే తనే మాట మార్చింది. ఆ బటన్ మీద "సమర్పించు" తీసేశారా అని అడిగింది.

నేను ఆ కంపెనీ వదిలేసి రెండేళ్లయింది. ఫోన్ పెట్టేశాక యాప్ మళ్లీ దించుకుని చూశాను. ఇంకా అలాగే ఉంది.